రాయల గుర్రాలు – రాయలసీమ ఉలవలు

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని తెలుగువారి సామెత. పనికి వచ్చినా రాకపోయినా పోషణభారం మాత్రం తగ్గదని దాని భావం. ఈ సామెత వాడుకలోనికి వచ్చిన కాలంలో గుర్రం వినోదం కొరకు పెంచుకొనే జంతువు కాదు. రాజ్యాలు నిలబడడానికీ కూలిపోవడానికీ కారణమైన జంతువు అది. నేటి సైన్యాలకు ఇంధన తైలం ఎట్లాంటిదో నాటి సైన్యాలకు దాణా అట్లాంటిది. తైలం లేని వాహనం కదలక నిలిచిపోతుంది, అంతే. దాణా చెడిన గుర్రం మాత్రం చచ్చిపోతుంది.

దక్షిణాపథంలో ఈ దాణాకు ముఖ్యాధారమైనది ఒక చిన్న గింజ. అదే ఉలవ. సంస్కృతంలో దీనిని కుళత్థమన్నారు. కన్నడిగులు హురుళి అంటారు, తమిళులు కొళ్ళు అంటారు. ఆంగ్లేయులు మాత్రం దీనిని గుర్రాల ముందున్న తొట్టిలో చూచినారు కనుక "గుర్రపు పప్పు" అనే అర్థం వచ్చేటట్లు హార్స్‌గ్రామ్ అని పేరు పెట్టినారు. అనంతపురం వంటి కరువు సీమలో, మరొక పంట నిలువని నేలలో పండే ఈ గింజకూ, సముద్రాలు దాటి వచ్చిన అరబ్బీ గుర్రాలకూ సంబంధం ఎట్లా కలిసినది? ఆ సంబంధంలోని శాస్త్రమేమి? ఇది చరిత్ర, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ కలిసి చెప్పవలసిన కథ.

తోకకు కూడా వెల

దక్షిణదేశపు రాజులకు గుర్రాల కొరత చాలా పాతది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వర్తకులకు ఇచ్చిన అభయశాసనంలో, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మున్నగు వాటిని పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకొనేవారనీ, తాను అట్లా చేయననీ ప్రకటించినాడు. ఓడ సరకులలో రత్నాలతో సమానంగా గుర్రాలను పేర్కొనడం గమనింపదగినది.

విజయనగర కాలానికి ఈ వ్యాపారం మరింత పెరిగినది. 1535 ప్రాంతాన విజయనగరంలో ఉన్న ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసువాడు ఈ విషయాన్ని వివరంగా వ్రాసినాడు. అతడు స్వయంగా గుర్రాల వర్తకుడై ఉంటాడని చరిత్రకారుల అభిప్రాయం. హోర్ముజ్ నుండి వచ్చేవీ, దేశవాళీవీ కలిపి రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని అతడు చెప్పినాడు. అతడే సాళువ నరసింహరాయని గురించి మరొక వింత చెప్పినాడు. ఆ రాజు వేయి పర్దావులకు 3 గుర్రాల చొప్పున, బ్రతికినవైనా చచ్చినవైనా, కొనేవాడట. నడిసముద్రంలో చచ్చినవాటికి తోక మాత్రం తెచ్చి చూపితే చాలునట. తోకకు కూడా ధర చెల్లించినాడంటే గుర్రం ఎంత అవసరమో, అది బ్రతికి ఒడ్డుకు చేరడం ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును.

ఏటేటా ఇన్ని గుర్రాలు ఎందుకు కొనవలసి వచ్చినది? యుద్ధాలలో చచ్చేవి కొన్ని. కాని ఒకసారి మంచి జాతి గుర్రాలను తెచ్చుకొన్న దేశం వాటి సంతానాన్ని పెంచుకొని ఆ లోటును తీర్చుకొనవచ్చును గదా? అది ఎందుకు సాధ్యపడలేదు? "మన శీతోష్ణస్థితి గుర్రానికి సరిపడదు" అని ఒక్క మాటలో సమాధానం చెప్పడం అలవాటు. ఆ సమాధానంలో కొంత నిజమున్నది. కాని మిగిలిన నిజం తొట్టిలో ఉన్నది.

వంకర కాళ్ళ పిల్లలు

13వ శతాబ్దం చివర మన తీరాన్ని చూచిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, తమిళదేశపు తీరమైన మాబార్ గురించి వ్రాస్తూ, అక్కడికి వేలకొలది గుర్రాలు దిగుమతి అవుతున్నవనీ, వాటిలో ఎక్కువ భాగం త్వరలోనే చచ్చిపోతున్నవనీ చెప్పినాడు. గుర్రాల వైద్యం తెలిసినవారు అక్కడ లేరట. ఉడికించిన అన్నంలో మాంసం కలిపి గుర్రాలకు పెట్టేవారట. అన్నింటికంటె విలువైన మాట మరొకటి ఉన్నది. మేలుజాతి మగగుర్రం, మేలుజాతి ఆడగుర్రం కలిసినా అక్కడ పుట్టే పిల్ల గిడసబారి, కాళ్ళు వంకర తిరిగి, స్వారీకి పనికిరానిదై ఉండేదని అతడు వ్రాసినాడు. కొద్దికాలం తరువాత పర్షియా చరిత్రకారుడు వస్సాఫ్ కూడా, ఆ దేశంలో గుర్రాలకు పచ్చి యవలకు బదులు వేయించిన యవలు, వెన్నతో వండిన ధాన్యం, కాచిన ఆవుపాలు ఇస్తారని ఆశ్చర్యపడినాడు.

ఈ వంకర కాళ్ళను నేటి పోషణశాస్త్రం తెలిసినవారు చదివితే వారి దృష్టి వెంటనే రెండు మూలకాల మీదికి పోతుంది. అవి కాల్షియం, భాస్వరం. ఎముక గట్టిపడడానికి రెండూ కావలెను. అంతేకాదు, అవి తగిన పాళ్ళలో ఉండవలెను. గుర్రపు ఆహారంలో కాల్షియం భాస్వరం కంటె తక్కువ కారాదు. ఎక్కువగా ఉంటే మరీ మంచిది. భాస్వరం మితిమీరితే అది కాల్షియం జీర్ణం కాకుండా అడ్డుపడుతుంది. అప్పుడు రక్తంలో కాల్షియం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేసి ఎముకలలోని కాల్షియాన్ని కరిగించి రక్తంలోనికి రప్పిస్తవి. అనగా శరీరం తన ఇంటి దూలాలను తానే పొయ్యిలో పెట్టుకొన్నట్లు. పెద్ద గుర్రానికి ముఖపుటెముకలు ఉబ్బి, నడక కుంటుపడుతుంది. ఎదిగే పిల్లకు కాళ్ళ ఎముకలు మెత్తబడతవి. యూరపులో తవుడు ఎక్కువగా తినే పిండిమరల గుర్రాలకు ఈ జబ్బు తరచుగా వచ్చేది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహుస్వల్పం.

ఇక అన్నం సంగతి చూడవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మరబియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు, భాస్వరం 160 మిల్లీగ్రాములు. అనగా ఒకటికి 16 వంతులు. మాంసంలో కూడా భాస్వరమే అధికం. అన్నం, మాంసం తిని పెరిగిన గుర్రపు పిల్లకు కాళ్ళు వంకరపోవడంలో వింత లేదు. వంకర కాళ్ళకు వేరే కారణాలు కూడా ఉండవచ్చును. కాని మార్కో పోలో చెప్పిన ఆహారమూ, అతడు చెప్పిన లక్షణమూ ఒకదానికొకటి ఇంత చక్కగా సరిపోవడం గమనింపదగిన విషయం.

అదే పట్టికలో ఉలవలను చూడుడు. 100 గ్రాముల ఉలవలలో కాల్షియం 287 మిల్లీగ్రాములు, భాస్వరం 311 మిల్లీగ్రాములు. రెండూ దాదాపు సమానం. బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు కాగా ఉలవలలో 22 గ్రాములు. గింజలోని భాస్వరంలో కొంత భాగం ఫైటేట్ అనే రూపంలో ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కనుక ఈ అంకెలను యథాతథంగా లెక్కలోనికి తీసుకొనరాదు. అయినా అన్నం తొట్టికీ ఉలవల తొట్టికీ ఉన్న భేదం స్పష్టం. పచ్చగా నీటితో నిండిన తీరభూములలో గుర్రం క్షీణించినది. ఎండిన పీఠభూమి మీద దానికి తగిన గింజ ఉన్నది.

గుర్రపు కడుపు

ఉలవ గుర్రానికి ఎందుకు సరిపడినదో తెలియవలెనంటే ముందు గుర్రపు కడుపు సంగతి తెలియవలెను. ఎద్దు, గుర్రం రెండూ గడ్డి తినేవే. కాని రెండింటి జీర్ణకోశాలు వేరు. ఎద్దుకు నాలుగు గదుల పొట్ట ఉన్నది. అందులోని మొదటి గదులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతవి. ఆ సూక్ష్మజీవులు తరువాత ముందుకు సాగి, చిన్న ప్రేవులో తామే ఎద్దుకు ఆహారమవుతవి. కనుక ఎద్దు జొన్నచొప్ప వంటి సారంలేని మేత తిన్నా, సూక్ష్మజీవుల శరీరాల రూపంలో మంచి మాంసకృత్తులు దానికి దొరుకుతవి.

గుర్రంలో ఈ ఏర్పాటు తలక్రిందులుగా ఉన్నది. దాని పొట్ట చిన్నది, 8 నుండి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. పులియబెట్టే తొట్టి చిన్న ప్రేవుకు తరువాత, ఉండుకంలోనూ పెద్ద ప్రేవులోనూ ఉన్నది. అక్కడ సూక్ష్మజీవులు గడ్డినుండి తయారుచేసే ఆమ్లాలు గుర్రానికి శక్తినిస్తవి. కాని ఆ సూక్ష్మజీవులలోని మాంసకృత్తులలో అధికభాగం గుర్రానికి అందకుండానే బయటికి పోతుంది. అందుచేత గుర్రానికి కావలసిన మాంసకృత్తులు తినే మేతలోనే మంచి రకానివై ఉండవలెను. ముఖ్యంగా లైసిన్ అనే ఎమినో ఆమ్లం చాలకపోతే పిల్ల ఎదగదు, కండ పట్టదు. ధాన్యాలలో లైసిన్ తక్కువ. పప్పుగింజలలో ఎక్కువ. గడ్డి, కొద్దిపాటి ధాన్యం, దానికి తోడు ఉలవలు: ఈ కూర్పు గుర్రపు కడుపుకు అమరినది.

మరొక విశేషం. గుర్రం వాంతి చేసుకొనలేదు. తిన్నది సరిపడకపోతే కక్కివేసే ఉపాయం దానికి లేదు. ఒక్కసారిగా ఎక్కువ గింజలు తింటే, చిన్న ప్రేవులో జీర్ణం కాని పిండిపదార్థం పెద్ద ప్రేవుకు చేరి విపరీతంగా పులుస్తుంది. లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. కడుపునొప్పితో గుర్రం నేలపై పడి దొర్లుతుంది. ఒక్కొక్కప్పుడు గిట్టలలోని మృదుకణజాలం వాచి శాశ్వతంగా కుంటిదవుతుంది. కనుక దాణా ఎంత మంచిదైనా కొద్దికొద్దిగా, పలుమార్లు పెట్టవలెను. ముందు గడ్డి, తరువాత గింజ. ఒక కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. ఒక కిలో గింజలకు 10 నిమిషాలు చాలును. గుర్రానికి నమిలేటప్పుడే లాలాజలం ఊరుతుంది. ఆ లాలాజలమే పొట్టలోని ఆమ్లానికి విరుగుడు.

రాతినేల గింజ

అనంతపురం పీఠభూమికి నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తవి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడతవి. ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. ఉలవ ఇటువంటి నేలకే పుట్టినట్టి మొక్క. వేరు లోతుగా దిగుతుంది. తీగ నేలపై పరచుకొని తేమ ఆరిపోకుండా కప్పుతుంది. మూడు నాలుగు నెలలలో పంట చేతికి వస్తుంది. తొలకరి తప్పి, వేయవలసిన పైరు వేయలేకపోయిన రైతు, ఆలస్యంగా ఒక వాన పడితే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చివరి ఆశగా చల్లేది ఉలవనే.

ఈ గింజకు ఈ సీమతో ఉన్న బంధుత్వం చాలా పురాతనమైనది. అనంతపురానికి పొరుగున ఉన్న బళ్ళారి సమీపంలోని సంగనకల్లు వంటి నవీన శిలాయుగపు గుట్టలను త్రవ్వినప్పుడు, బూడిద మట్టిలో మాడిన ఉలవగింజలు, పెసలు, చిరుధాన్యాలు దొరికినవి. అవి సుమారు 4,000 సంవత్సరాలనాటివి. అనగా గుర్రపు దళాలు ఈ నేల తొక్కడానికి చాలాకాలం ముందే ఉలవ ఇక్కడి మనిషికి ఆహారం. అది గుర్రపు పప్పు కాక ముందు మనిషి పప్పు.

ఎరువు వేయని బీడునేలలో పండిన గింజలో ఇన్ని మాంసకృత్తులు ఎట్లా వచ్చినవి? మాంసకృత్తులకు నత్రజని కావలెను. ఆ నత్రజని ఎక్కడిది? 1830ల చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసాంగో ఈ సమస్యను గుర్రం నుండే ప్రారంభించినాడు. గుర్రం తినే మేతలోని నత్రజనినీ, దాని మలమూత్రాలలోని నత్రజనినీ తూచి, జంతువు తనకు కావలసిన నత్రజనిని గాలినుండి గ్రహించడం లేదని, మేతనుండియే పొందుతున్నదని 1839లో తేల్చినాడు. కాయధాన్యాల మొక్కలు మాత్రం నేలలో ఉన్నదానికంటె ఎక్కువ నత్రజనిని కూడబెడుతున్నవని కూడా అతని ప్రయోగాలు సూచించినవి. దాని రహస్యాన్ని 1886లో జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ బయటపెట్టినారు. ఆ మొక్కల వేళ్ళపై ఉండే బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రూపంలోనికి మారుస్తవి. ఉలవ వేరుకు ఆ బొడిపెలు ఉన్నవి. కనుక రాయల రౌతు ఎక్కిన గుర్రపు కండలోని నత్రజనిలో కొంత భాగం, ఒకనాడు ఈ కరువు సీమ గాలిలో తిరిగినదే.

రాగి కాగుల వంటశాల

కృష్ణదేవరాయల కాలంలో విజయనగరాన్ని చూచిన పోర్చుగీసువారి వ్రాతలలో, ఏనుగులకూ గుర్రాలకూ వేరుగా పెద్ద వంటశాలలు ఉండేవనీ, వాటిలో అనేకమైన రాగి కాగులు ఉండేవనీ, వంటను పర్యవేక్షించడానికి అధికారులు ఉండేవారనీ కనబడుతుంది. గుర్రానికి రోజువారీ మేత ఆ వంటశాలనుండి వచ్చేది. వారికి కొంచెం ముందు, 1470 ప్రాంతాన, అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒక గుర్రాన్ని అమ్మదలచి వెంట తెచ్చుకొని బహమనీ రాజ్యంలో తిరిగినాడు. ఈ దేశంలో గుర్రాలు పుట్టవనీ, గుర్రాలకు పప్పుగింజలు పెడతారనీ, చక్కెర, నూనె వేసి వండిన కిచిడీ కూడా పెడతారనీ అతడు వ్రాసుకొన్నాడు. దక్కను పీఠభూమి దాణా తీరదేశపు దాణా వంటిది కాదని ఈ మాటవలన తెలుస్తున్నది.

పడమటి దేశాలవారికి గుర్రపు మేతను వండడం వింతగా తోచినది. వారి గుర్రాలు ఓట్లు, యవలు పచ్చివే తినేవి. కాని ఉలవలను పచ్చిగా పెట్టరాదు. ఉలవగింజలో తనను తినే జంతువుల జీర్ణశక్తిని దెబ్బతీసే పదార్థాలు ఉన్నవి. వాటిలో ముఖ్యమైనది ట్రిప్సిన్ అనే ఎంజైమును పనిచేయనీయని ఒక మాంసకృత్తు. ట్రిప్సిన్ పనిచేయకపోతే గింజలో ఎన్ని మాంసకృత్తులు ఉన్నా జీర్ణం కావు. నానబెట్టి ఉడికిస్తే వేడికి ఈ నిరోధకం చాలావరకు నశిస్తుంది. గట్టి గింజ మెత్తబడుతుంది. దానితోపాటు కొంత నీరు కూడా గుర్రం కడుపులోనికి పోతుంది.

ఈ సంగతి శాస్త్రానికి ఎప్పుడు తెలిసినది? 1917లో అమెరికాలో ఆస్‌బర్న్, మెండెల్ అనే శాస్త్రజ్ఞులు, పచ్చి సోయా చిక్కుళ్ళు తిన్న ఎలుకలు ఎదగలేదనీ, ఉడికించినవి తిన్నవి చక్కగా ఎదిగినవనీ చూపినారు. 1945లో కూనిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాన్ని స్ఫటికరూపంలో వేరుచేసినాడు. ఉలవలోనిది కూడా ఈ కోవకు చెందినదే. కాని ఉలవలను గుగ్గిళ్ళు చేసి పెట్టవలెనని గుర్రపుశాలలో కాగు కలిపే మనిషికి అంతకు శతాబ్దాల ముందే తెలుసును. ఎందుకో అతనికి తెలియదు. పచ్చివి తిన్న గుర్రం ఏమవుతుందో మాత్రం బాగుగా తెలుసును.

గరిక, ఉప్పు, నీరు

ఉలవ ఒక్కటే గుర్రాన్ని నిలబెట్టదు. ఎంత పరుగెత్తే గుర్రానికైనా మేతలో సగానికి తక్కువ కాకుండా గడ్డి ఉండవలెను. 450 కిలోల గుర్రం రోజుకు సుమారు 9 కిలోల ఎండుమేత తింటుంది. గడ్డి తగ్గించి ఉలవలు పెంచితే మిగులు నత్రజని మూత్రంలో పోవలెను. దానికి మరింత నీరు కావలెను. నీరు కరువైన సీమలో అది కొత్త కష్టం.

ఈ పీఠభూమిలో వేసవిలో గడ్డి ఎక్కడిది? దక్షిణదేశంలో ఆంగ్లేయుల కాలందాకా ఒక్కొక్క గుర్రానికి ఒక గుర్రపువాడూ, గడ్డి తెచ్చే మనిషి ఒకరూ ఉండేవారు. ఆ గడ్డి తెచ్చేది తరచుగా గుర్రపువాని భార్య. ఎండిన చెరువుగట్లమీదా పొలం గట్లమీదా గరికను వేళ్ళతో సహా పారతో త్రవ్వి, మట్టి దులిపి, కడిగి, మోపు కట్టి తెచ్చేది. పైన ఆకు ఎండినా గరిక దుంపలోనూ వేరులోనూ సారం ఉంటుంది. యుద్ధాల చరిత్రలో సేనానుల పేర్లు ఉన్నవి. ఈ గరిక మోపులు మోసిన స్త్రీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వారు ఒకరోజు మానితే ఆ రోజు గుర్రానికి కడుపునొప్పి.

తరువాతది ఉప్పు. మనుష్యులవలె గుర్రం కూడా ఒళ్ళంతా చెమట పోస్తుంది. మండుటెండలో కష్టపడి పరుగెత్తే గుర్రం గంటకు 10 లీటర్ల దాకా చెమట పోయగలదు. మన చెమట రక్తంకంటె పలుచన. గుర్రపు చెమటలో లవణాల సాంద్రత రక్తంలోకంటె ఎక్కువ. కనుక నీరు మాత్రం ఇస్తే చాలదు, ఉప్పు కూడా ఇవ్వవలెను. లేకపోతే రక్తం పలుచబడి, దాహం కూడా నశించి, నీటి తొట్టి ఎదుట ఉన్నా గుర్రం త్రాగదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని ప్రకరణంలో ఉత్తమాశ్వానికి నిర్ణయించిన దినపు మేతను ఈ దృష్టితో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. సగం ఎండినదో సగం ఉడికినదో అయిన ధాన్యం రెండు ద్రోణాలు, లేదా ఆ మేరకు పెసలు గాని మినుములు గాని; ఒక ప్రస్థం నూనె; 5 పలాల ఉప్పు; ఇవిగాక మాంసం, పెరుగు, గడ్డి. పలానికి సుమారు 40 గ్రాములని అంచనా కడితే ఉప్పు 200 గ్రాములు. కష్టించి చెమటోడ్చే గుర్రానికి ఇది మరీ అతిశయమైన లెక్క కాదు. నూనె సంగతి మరింత ఆసక్తికరం. గుర్రానికి పిత్తాశయం లేదు. అయినా కాలేయం నుండి పైత్యరసం ఎడతెగకుండా ప్రేవులోనికి కారుతూ ఉండడంవలన అది నూనెను చక్కగా జీర్ణం చేసుకొనగలదు. దూరపు పరుగు పందెపు గుర్రాలకు గింజలు తగ్గించి నూనె కలపడం నేటి పద్ధతులలో ఒకటి. మాంసం మాత్రం గుర్రానికి అవసరం లేదు. పూర్వులు చెప్పినదంతా సరి అనుకోవడమూ, అంతా మూఢత్వమనుకోవడమూ రెండూ తొందరపాటే. ఒక్కొక్కదానినీ విడదీసి పరీక్షించవలెను.

గింజ ఎవరిది?

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం పాడుపడినది. తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినాడు. ఉలవలు పండే సీమ మధ్యకు రాజ్యం వచ్చినది గాని, గుర్రాలు దిగే పడమటి రేవులతో సంబంధం సన్నగిల్లినది. గోవానుండి సాగే గుర్రాల వ్యాపారం కూడా క్షీణించినది. దాణా ఉండి గుర్రం లేని స్థితి అది.

18వ శతాబ్దంలో దీనికి భిన్నమైన స్థితి కనబడుతుంది. గుత్తి దుర్గాన్ని ఏలిన మహారాష్ట్ర నాయకుడు మురారిరావు ఘోర్పడే గుర్రపు దళం దక్షిణదేశమంతటా పేరుపొందినది. వారివి ఎక్కువగా దక్కనులోనే పుట్టిన గట్టి గుర్రాలు. దొరికిన చొప్ప, దొరికిన గింజ తిని తిరిగేవి. 1776లో హైదరాలీ గుత్తిని ముట్టడించి పట్టుకొన్నాడు. ఎత్తైన కొండమీద కోటలో నీరు అడుగంటడం లొంగుబాటుకు ఒక ముఖ్యకారణం. ఈ పీఠభూమిలో ఎంతటి పరాక్రమానికైనా చివరి హద్దు నీరే.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఉన్నది. గుర్రం తినే ఉలవ, పేదవాడు తినే ఉలవ ఒకటే. వాన కురిసిన సంవత్సరంలో ఇద్దరికీ సరిపోయేది. కరువు వచ్చినప్పుడు గడ్డి, గింజ, నీరు మూడూ ఒక్కసారే తగ్గుతవి. దండు నడిచిన దారిలో రైతు గాదె ఖాళీ అయ్యేది. ఒక గుర్రానికి రోజుకు రెండు కిలోల ఉలవలు అనుకొంటే, వేయి గుర్రాల దళానికి రోజుకు 20 క్వింటాళ్ళు. వర్షాధారపు నేలలో అది ఎన్నో కుటుంబాల ఏడాది కష్టం. 1876–78 నాటి మహాక్షామంలో, ప్రజలు ధాత కరువని చెప్పుకొన్న కాలంలో, బళ్ళారి, కడప, కర్నూలు సీమలు ఘోరంగా నష్టపోయినవి. నేటి అనంతపురం ప్రాంతం నాడు బళ్ళారి జిల్లాలోనిదే. 1882లో అది వేరు జిల్లా అయినది. గుర్రపు దాణా చరిత్రను వ్రాసేటప్పుడు ఆ దాణాను పండించినవారి ఆకలిని మరచిపోరాదు.

అయితే పేదల వంటింటి తెలివి ఇక్కడ కూడా కనబడుతుంది. గుగ్గిళ్ళు పశువుకు పెట్టి, ఉడికించిన నీటిని పారబోయక, చింతపండు పులుసు చేర్చి కాచి చారు చేసుకొన్నారు. గింజలోని లవణాలలో కొంతభాగం ఆ నీటిలోనికి దిగి ఉంటుంది. నేడు విందులలో వెన్నతో వడ్డించే ఉలవచారు ఈ వంటిదే.

గుర్రం పోయినది, గింజ ఉన్నది

నేడు సైన్యాలు గుర్రాలమీద నడవడం లేదు. అనంతపురం, హిందూపురం వీధులలో జట్కాబండ్ల చప్పుడు కూడా అణగిపోయినది. పందెపు గుర్రాల శాలలలో ఓట్లు, లూసర్న్ గడ్డి, లెక్క కట్టిన ఖనిజ మిశ్రమాలు వాడుతున్నారు. గుర్రంతోపాటు ఉలవకు గౌరవం కూడా తగ్గినది. 1960ల తరువాత ఈ సీమలో వేరుసెనగ విస్తరించి, ఉలవ, కొర్ర, సజ్జ వంటివి గట్లకూ బీళ్ళకూ తరలిపోయినవి. వాన తప్పిన సంవత్సరాలలో ఒక్క పంటనే నమ్ముకొన్న రైతు ఎంత నష్టపోయినాడో ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. 2022లో పెనుకొండ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా మారినా వాన మారలేదు.

రాజులు తోకకు కూడా ధర చెల్లించి గుర్రాలను తెప్పించుకొన్నారు. వాటిని బ్రతికించిన గింజకు మాత్రం ఏ శాసనంలోనూ అంతటి వెల కట్టినట్లు కనబడదు. ఆ వెలను తెలిసికొనడం నేటి విద్యార్థులకు కష్టం కాదు. వానపడిన తరువాత ఒక నెల పెరిగిన ఉలవ మొక్కను, వేళ్ళు తెగకుండా చుట్టూ మట్టితో సహా పెకలించి, నీటిలో మెల్లగా కడిగి చూడవలెను. వేళ్ళపై చిన్న బొడిపెలు కనబడతవి. ఒకదానిని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపురంగు కనబడుతుంది. అది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. ఆ రంగు ఉన్నంతవరకు ఆ బొడిపెలో గాలిలోని నత్రజని ఆహారంగా మారుతున్నదని అర్థం. విజయనగరపు రాగి కాగులలో ఉడికిన దాణా మొదలైనది అక్కడినుండే.